ఇంటి వార్తలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఏం మాట్లాడుకున్నా మర్నాటికల్లా మా కరస్పాండెంట్ సార్‌కు తెలిసిపోయేది. ఎట్లా తెలుస్తోందో కనుక్కునేసరికి పిల్లలకు సెలవులు కూడా వచ్చేశాయి. ఈలోగా నేను అనుమానించని మనిషి లేదు.

మా బడి ఫలక్‌నుమా స్టేషన్ అవతల ఒక గల్లీ చివర ఉండేది. ఇంటి కోసం కట్టిన మూడంతస్తుల మేడను బడిగా మార్చారు. వంటగదిని లాబ్ అనేవాళ్ళు. నేను ఏడు నుంచి పది దాకా సైన్సు చెప్పేదాన్ని. బడి యజమాని విఠల్‌రావు సారే కరస్పాండెంటు. ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు. గొంతు ఎత్తడు. పాఠం మధ్యలో లోపలికి వచ్చి, బోర్డు మీది బొమ్మను చూసి, ఈ గుండె మేడం గీసిందా లేక మీలో ఎవరన్నా గీసిన్రా అని పిల్లలను నవ్వుతూ అడుగుతాడు. పిల్లలు నవ్వుతారు. ఆయన వెళ్ళిపోతాడు. మిగతా గంటంతా నేను ఆ నవ్వు ముందు నిలబడి పాఠం చెప్పాలి. నిలబడే చెప్పాలి, ఎందుకంటే టీచర్లు కూర్చుంటే పిల్లలు నిద్రపోతారని ఆయన తరగతుల్లోంచి కుర్చీలు తీయించేశాడు.

కొన్నిసార్లు ఆ మాట కూడా అనడు. వెనక గోడకు ఆనుకుని ఒక్క నిమిషం నిలబడి, ఏమీ మాట్లాడకుండా పోతాడు. జ్వరం చూసి పోతున్నట్టు అనిపించేది. అందుకే నేను ఆయనకు థర్మామీటర్ అని పేరు పెట్టాను. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు లెక్కల టీచర్ రూపకు చెప్తే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం ఇంట్లో చెప్తే మా ఆయన ప్రహ్లాద్‌కు పొలమారింది. రెండో తరగతి చదివే మా మాన్య, ఎందుకు నవ్వుతున్నామో అర్థమయ్యీ కాకా, మాకంటే గట్టిగా నవ్వింది.

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైన వారం అది. శనివారం స్టాఫ్ మీటింగ్ పెట్టాడు. ఈ ఏడు అడ్మిషన్లు తగ్గితే సెక్షన్లు తీసేయాల్సి వస్తుందనీ, సెక్షన్లు తీసేస్తే టీచర్లు ఎక్కువైపోతారనీ చెప్పాడు. రోజూ బడి అయిపోగానే ఇంటింటికీ తిరగాలన్నాడు. చివర్లో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, అదే మెత్తని గొంతుతో అన్నాడు.

"జ్వరం చూసే పని గూడ నాదేనంట. ఎవరన్నరో నాకు తెల్సు. నేనేం అనుకోను."

మిగతావాళ్ళకు అర్థం కాలేదు. నేను రూప వైపు చూశాను. ఆమె తల దించుకుంది. నాకు అది చాలు.

రూపా నేనూ ఐదేళ్ళుగా ఒకే డబ్బాలో తిన్నవాళ్ళం. ఆమెది ఉప్పుగూడ, మాది జంగమ్మెట్, ఇళ్ళు దగ్గరే. ఆమె కూతురు స్రవ్య కూడా మా బడే, నాలుగో తరగతి. అయినా ఆ సోమవారం నుంచి నేను ఆమెతో పిల్లల గురించీ ఎండ గురించీ తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆమె కూడా ఏమైందని అడగలేదు. అడగకపోవడం నా అనుమానాన్ని ఇంకా గట్టిపరిచింది. ఏమీ చేయని మనిషైతే అడగదా అనుకున్నాను.

ఆ ఏడు రంజాను కూడా అప్పుడే వచ్చింది. మధ్యాహ్నపు ఎండలో కరపత్రాల కట్ట పట్టుకుని ఇంజన్‌బౌలి, వట్టేపల్లి గల్లీల్లో తిరిగేవాళ్ళం. ఇనుప అల్మారాలు చేసే కార్ఖానాల ముందు నుంచి నడుస్తుంటే ఆ చప్పుడులో మా మాట మాకే వినపడేది కాదు. తలుపు తట్టి, ఇంగ్లీషు మీడియం, కంప్యూటర్, ఆడపిల్లలకు తగ్గింపు అని చెప్పాలి. రోజా ఉపవాసం ఉండి తాము గుటక కూడా మింగని ఆడవాళ్ళు మమ్మల్ని లోపలికి పిలిచి, "టీచర్, పానీ పీకే జావ్" అని పంకా కింద కూర్చోబెట్టి చెంబెడు నీళ్ళిచ్చేవాళ్ళు. పగలంతా నేను కూర్చున్నది ఆ ఇళ్ళలోనే.

మేము తిరిగినంతసేపూ స్టాఫ్ పిల్లలు బడిలో ఉండేవాళ్ళు. పసివాళ్ళను ఎండలో తిప్పవద్దని సారే చెప్పాడు. కంప్యూటర్ గదిలో బొమ్మలు గీసుకోనివ్వమన్నాడు. ఆయన గదిలో ఏసీ ఉంటే అక్కడ కూడా కూర్చోబెట్టేవాడు. మాన్య మామిడిపండు జ్యూసు తాగిన మరకతో ఇంటికి వచ్చేది. ఇన్నాళ్ళలో ఆయన చేసిన మంచి పని ఇదొక్కటే అని ప్రహ్లాద్‌తో అన్నాను కూడా.

ఒకరోజు ఒక ఇంటి అరుగు మీద నీడలో ఆగినప్పుడు, రూప నా వైపు చూడకుండా అడిగింది.

"వేరే బడి ఏమన్న చూస్తున్నవా సుజనా?"

"లేదు. నాకేం ఫికరు," అన్నాను.

నిజానికి అప్పటికే చూస్తున్నాను. బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గర ఒక బడిలో సైన్సు టీచరు కావాలని ప్రహ్లాద్ డిపోలో పనిచేసే ఒకాయన ద్వారా తెలిసింది. ప్రహ్లాద్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆ బడి ప్రిన్సిపాల్ ఫోన్లో బాగా మాట్లాడింది. పండుగ అయ్యాక వచ్చి ఒక పాఠం చెప్పి చూపించమంది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. రూపకు అసలే చెప్పలేదు. ఆ సాయంత్రం తలుపు దగ్గరికి వేసి, అన్నం తింటూ ప్రహ్లాద్‌కు చెప్పాను. ఏ పాఠం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాం. నీళ్ళు ఆవిరయ్యే పాఠం చెప్పు, ఎండాకాలానికి సరిపోతది అన్నాడు ప్రహ్లాద్.

రెండు రోజులకు మెట్ల దగ్గర విఠల్‌రావు సార్ ఎదురయ్యాడు. నేను పక్కకు తప్పుకున్నాను. ఆయన ఆగాడు.

"పిల్లల్ని జూ పార్కుకు తీస్కపోయి మస్తు రోజులైంది గద మేడం. మీరు ఆ దిక్కు పోతున్నరంట. చూసొచ్చి చెప్పండి, బాగుంటే అందరం పోదాం."

నవ్వి దిగిపోయాడు. ఆ మాట ఎక్కడ అన్నానో గుర్తు చేసుకుంటూ రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను.

ఆ వారంలోనే బహదూర్‌పురా ప్రిన్సిపాల్ ఫోన్ చేసి పాఠం చూపించడానికి రావద్దని చెప్పింది. ఎందుకని అడిగితే మొదట చెప్పలేదు. తర్వాత గొంతు తగ్గించి, మీ బడి నుంచి ఎవరో ఫోన్ చేశారమ్మా, మీరు పిల్లల్ని కొడతారట కదా అంది. నేను పిల్లల్ని కొట్టనని చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే ఆమె సరేనమ్మా అని పెట్టేసింది. అట్లా చెప్తుంటే నాకే నా గొంతు అబద్ధంలా వినపడింది.

అప్పుడే రూప మీది అనుమానం ఆమెను వదిలి మా ఇంట్లోకి వచ్చింది. జూ పార్కు మాట మా నాలుగు గోడల మధ్య తప్ప ఎక్కడా అనలేదు. విన్నది ప్రహ్లాద్ ఒక్కడే. మాన్య కూడా అక్కడే పప్పులో మిరపకాయలు ఏరి పక్కన పెడుతూ కూర్చుని ఉంది. కాని మాన్యను నేను లెక్కలోకే తీసుకోలేదు.

మొగుడిని అనుమానించడం అలవాటు లేని పని. మొదట్లో సిగ్గనిపించింది. తర్వాత సులువైపోయింది. అతని ఫోన్ మోగితే చూస్తున్నాను. ఒక్కోసారి పేరు చూసి, లేచి వాకిట్లోకి పోయి మాట్లాడి వస్తున్నాడు. ఎవరంటే డిపో నుంచి అంటున్నాడు. ఇన్నేళ్ళలో డిపో ఫోన్లు వాకిట్లోకి పోయి మాట్లాడలేదు కదా అనుకున్నాను. నేను పని మానేస్తే జీతం పోతుందేమోనని భయపడి నన్ను అక్కడే కట్టేయించాలని చూస్తున్నాడా. లేక ఇద్దరూ మగవాళ్ళు కలిసి నా బాగు కోరుతున్నామని అనుకుంటున్నారా. గిన్నెలు తోముతూ ఇవే ఆలోచనలు.

ఒక ఆదివారం అతను స్నానానికి పోయినప్పుడు అల్మారా మీద ఫోన్ మోగింది. తెర మీద 'విఠల్ సార్ స్కూల్' అని ఉంది. నేను ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. తుండుగుడ్డతో తల తుడుచుకుంటూ వచ్చిన మనిషికి ఫోన్ చూపించాను.

ప్రహ్లాద్ మంచం మీద కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. సార్ నెల రోజులుగా ఫోన్ చేస్తున్నాడట. మీ మేడం మనసు పనిలో లేదు, ఎవరెవరి మీదనో మాటలంటోంది, భర్తగా మీరు జెర నచ్చజెప్పాలె అంటాడట. ఇతను ఆ, సరే సార్ అని పెట్టేస్తాడట.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఇంకింత పరేషాన్ అయితవని చెప్పలే."

"జూ పార్కు సంగతి నువ్వే చెప్పినవా?"

"నేనెందుకు చెప్త? ఆయనకు ముందే తెల్సు. నన్నే అడిగిండు, బహదూర్‌పురా సంగతి ఏమైందని."

"మరి ఎవరు చెప్పిన్రు? గోడలు చెప్పినయా?"

ప్రహ్లాద్ నా ముఖం వంక చూశాడు. నువ్వు నన్ను గిట్ల అనుకుంటున్నవా అన్నాడు, చాలా మెల్లగా. నేను అవుననలేదు, కాదనలేదు. ఆ రోజు నుంచి అతను చాప తీసుకుని డాబా మీద పడుకోవడం మొదలుపెట్టాడు. ఎండాకాలం కాబట్టి వాడకట్టులో ఎవరికీ వింతగా తోచలేదు.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఉప్పు అందుకో, బిందె నిండింది, గ్యాస్ అయిపోవచ్చింది, అంతే. బడి గురించి నేను ఎత్తను. డిపో గురించి అతను ఎత్తడు. ఏది అన్నా ఎవరో వింటున్నారని నాకు. ఏది అన్నా నేను తప్పు పడతానని అతనికి. మధ్యలో మాన్య కూర్చుని ఒకసారి నా వైపు, ఒకసారి నాన్న వైపు చూసేది. ఏదైనా మాట్లాడమని అడిగేది. నువ్వు తినమ్మా అనేదాన్ని. నేను బడి నుంచి వచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. పొయ్యి మీద నూనె పెట్టి ఏడ్చేదాన్ని, చిటపటల్లో వినపడదని.

పరీక్షలయ్యాయి. సెలవులిచ్చారు. సెలవులు పిల్లలకే. మాకు పొద్దుటి నుంచే తిరగమన్నాడు, మా పిల్లలను ఎప్పటిలాగే కంప్యూటర్ గదిలో ఉంచమన్నాడు. అప్పటికి నేను తెచ్చిన అడ్మిషన్ల లెక్క అందరికంటే తక్కువుందట. ప్రతి మధ్యాహ్నం అందరి ముందూ నా పేరు చదివి, సుజనా మేడం మనసు ఇక్కడ లేదు గద, కాళ్ళు మాత్రం ఎట్ల తిరుగుతయ్ అనేవాడు. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఎవరూ నా వైపు చూసేవాళ్ళూ కాదు.

ఏప్రిల్ చివర ఒక పొద్దున మాన్యకు జడ వేస్తున్నాను. అది నా మోకాళ్ళ మధ్య కూర్చుని కుదురుగా ఉండడం లేదు. కదలొద్దన్నాను. తల తిప్పకుండానే అంది.

"మమ్మీ, ఇయ్యాల నా దగ్గర వార్తలు లేవు."

"ఏం వార్తలే?"

"ఇంటి వార్తలు. నిన్న నువ్వు ఏం మాట్లాడలే. డాడీ గూడ మాట్లాడలే. సార్ అడిగితే ఏం చెప్పాలె?"

నా చేతిలో మూడు పాయలున్నాయి. వాటిని వదలలేదు. ఒకదాని మీదికి ఒకటి వేస్తూనే, సార్‌కు రోజూ చెప్తవా అని అడిగాను. రోజూ కాదు, సార్ పిలిచినప్పుడు, మీరు తిరగక ముందు నుంచే అంది. మొదటి వార్త థర్మామీటర్‌దట. అసెంబ్లీలో వార్తలు చదివేవాళ్ళు పెద్దక్కలే కదా, జూన్ నుంచి చిన్నపిల్లలతో కూడా చదివిస్తాడట. అందుకని ప్రాక్టీసట. దేశం వార్తలు పెద్దవాళ్ళకు, ఇంటి వార్తలు చిన్నవాళ్ళకు అన్నాడట. అందరిలో మాన్యే బాగా చదువుతోందన్నాడట. ఇంట్లో చెప్పొద్దు, జూన్‌లో మమ్మీకి సర్‌ప్రైజ్ ఇద్దామన్నాడట. ఆ మాట చెప్పి నాలుక కరుచుకుంది.

రబ్బరుబ్యాండు వేసి దాన్ని నా వైపు తిప్పుకున్నాను.

"మొన్న ఎట్ల చదివినవో ఒకసారి చదువు."

మాన్య లేచి నిలబడింది. గౌను సరిచేసుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని, గడపకు అవతల ఏదో పెద్ద సభ ఉన్నట్టు ఎటో చూస్తూ మొదలుపెట్టింది.

"నమస్కారం. ఇంటి వార్తలు, చదువుతున్నది మాన్య. ముందుగా ముఖ్యాంశాలు. మా డాడీ మళ్ళ డాబా మీదనే పండుకున్నడు. మా మమ్మీ కూర అండుకుంట ఏడ్చింది. మా మమ్మీకి వేరే బడిల ఉద్యోగం రాలేదు. వార్తలు ఇంతటితో సమాప్తం."

గడపలో ప్రహ్లాద్ నిలబడి ఉన్నాడు. డాబా మీంచి చాప చుట్టుకుని వచ్చాడు. ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు. అతని ముఖం చూశాక అంతా విన్నాడని తెలిసింది.

"బాగ చదివిన్నా?" అని అడిగింది మాన్య.

"బాగ చదివినవ్," అన్నాను.

ప్రహ్లాద్ చాప గోడకు ఆనించి, మాన్యను ఎత్తుకున్నాడు. అది పెద్దదైంది, ఎత్తుకుని చాలా రోజులైంది. ఇయ్యాల డ్యూటీకి పోను, ఇది నా దగ్గరనే ఉంటది అన్నాడు నాతో. నేను చెప్పులు వేసుకుని బయటపడ్డాను.

ఇంజన్‌బౌలి మలుపులో రూప కరపత్రాలతో నిలబడి ఉంది. మూసి ఉన్న ఒక షట్టరు నీడలోకి ఆమెను తీసుకుపోయి, పొద్దున జరిగింది జరిగినట్టు చెప్పాను. రూప కరపత్రాల కట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ వింది.

"నువ్వే నా ముచ్చట్లు సార్‌కు మోస్తున్నవని సార్ నాతోని అన్నడు," అంది చివరికి. "థర్మామీటర్ మీటింగు నాడు నేను భయపడ్డ. నువ్వు పెట్టిన పేరు నువ్వే సార్‌కు చెప్పి, నేను పెట్టిన్నని నా మీదికి తోస్తున్నవేమో అనుకున్న. ఆ నాడు అరుగు మీద, వేరే బడి చూస్తున్నవా అని అందుకే అడిగిన. నిజం చెప్తవా లేదా అని."

ఆమె హఠాత్తుగా ఆగింది. మా స్రవ్య ఇప్పుడు ఆ రూంలనే ఉంటది అంది.

మేమిద్దరం పరిగెత్తలేదు గాని నడిచిన నడకకు గల్లీలో ఆడవాళ్ళు తలుపుల్లోంచి తొంగిచూశారు. బడి వరండాలో అడ్మిషన్ల కోసం వచ్చిన తల్లులు ఇద్దరు ముగ్గురు పిల్లలతో కూర్చుని ఉన్నారు. సార్ గదికి అద్దాల తలుపు. లోపల స్రవ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. విఠల్‌రావు సార్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు సగం మూసుకుని, పాట వింటున్నంత సుఖంగా వింటున్నాడు.

రూప తలుపు తట్టకుండానే తోసింది. పోయి కూతురి చెయ్యి పట్టుకుంది.

సార్ కంగారు పడలేదు. కూర్చోమన్నాడు. పిల్లలకు స్టేజీ భయం పోవాలని ప్రాక్టీసు చేయిస్తున్నానన్నాడు. ఇంటి ముచ్చట్లతో ఎందుకు సార్ అని నేనడిగితే, పిల్లలకు తెలిసింది ఇల్లే గదా మేడం, తెలియని దాని గురించి ఏం మాట్లాడతరు అన్నాడు. ఒక్క క్షణం నాకే అది సబబుగా వినపడింది. ఇన్నేళ్ళూ ఆయన దగ్గర జరిగింది అదే. ఆయన ఏది చెప్పినా ఒక్క క్షణం సబబుగా ఉండేది, ఆ క్షణం దాటేలోపు ఆయన వెళ్ళిపోయేవాడు. ఈసారి ఆయన గదిలో ఉన్నాం కాబట్టి ఆయన ఎటూ పోలేడు.

"సార్, నేను పని మానేస్తున్న. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇయ్యండి," అన్నాను.

చేరిన రోజు నా బీఎస్సీ, బీఎడ్ సర్టిఫికెట్లు తీసి దగ్గర పెట్టుకున్నాడు. అందరివీ అట్లాగే పెట్టుకున్నాడు. అవి బ్యాంకు లాకర్లో ఉన్నాయన్నాడు. నోటీసు ఇచ్చి మూడు నెలలు ఆగాలన్నాడు. ఆ పైన జాలిగా నవ్వాడు.

"తీస్కపోయి ఏం జేస్తరు మేడం? పిల్లల్ని కొట్టే టీచర్‌కు ఎవరిస్తరు ఉద్యోగం?"

రూప నా కంటే ముందు మాట్లాడింది.

"స్రవ్య టీసీ ఇయ్యండి సార్."

ఆయన మొదటిసారి కళ్ళు పూర్తిగా తెరిచాడు. ఎందుకని అడిగాడు. రూప చెప్పలేదు. టీసీ ఇయ్యండి సార్ అని మళ్ళీ అంది. మాన్యది కూడా అన్నాను నేను. అప్పటికి తిరిగి వస్తున్న టీచర్లు ఒక్కొక్కరే వరండాలోకి చేరుతున్నారు. నేను అద్దాల తలుపు తెరిచి బయటికి పోయి, కంప్యూటర్ గదిలో ఉన్న మీ పిల్లల్ని ఇంటి వార్తలంటే ఏందో అడగండి అని మాత్రం చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు. హిందీ టీచరు పోయి తన కొడుకును అడిగింది. ఆ పిల్లవాడు అక్కడికక్కడే చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

నేను ఇల్లిల్లూ తిరిగి, వాళ్ళింట్లో నీళ్ళు తాగి, బతిమాలి తీసుకొచ్చిన ఒక తల్లి బురఖా సర్దుకుంటూ లేచి, "క్యా హువా టీచర్?" అని అడిగింది. నేను ఆమెకు ఏం చెప్పాలా అని అద్దంలోంచి సార్ వైపు చూశాను. ఆయన కూడా ఆమె వైపే చూస్తున్నాడు. అడ్మిషన్ల కోసం గల్లీ గల్లీ తిరిగే టీచర్లే తమ పిల్లలకు టీసీలు అడుగుతున్నారంటే ఆ మాట సాయంత్రానికి ఎంత దూరం పోతుందో ఆయనకు తెలుసు.

లేచాడు. తన వెనకున్న బీరువా తెరిచి, నా పేరున్న కవరు తీసి బల్ల మీద పెట్టాడు. బ్యాంకు లాకర్ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను కవరులోవన్నీ నిలబడే చూసుకున్నాను. అనుభవం సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మాన్య టీసీ వారంలో ఇస్తానని చెప్పి, అన్నట్టే ఇచ్చాడు.

ఆ తల్లికి, ఇంటి మాటలు పిల్లల్ని అడుగుతుండు, అందుకే పోతున్న అని చెప్పాను. ఆమె బిడ్డ చెయ్యి పట్టుకుని నాతోపాటే గేటు దాటింది.

రూప మానలేకపోయింది. వాళ్ళాయన పని పోయి ఇంట్లో ఉన్నాడు. స్రవ్య టీసీ నాకు తోడుగా అడిగిందే గాని తీసుకోలేదు. ఆ రోజు తర్వాత సార్ పిల్లలను గదిలోకి పిలవడం మానేశాడట. ఇప్పుడు బడి ఆయాను పిలిచి చాయ్ ఇప్పించి కూర్చోబెట్టి అడుగుతున్నాడట. రూప ఈ సంగతి చెప్పినప్పుడు, నాకు చెప్తున్నందుకు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. తర్వాత ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ప్రహ్లాద్ మాత్రం ఇంకా కొన్నాళ్ళు డాబా మీదే పడుకున్నాడు. నిన్ను అట్ల అనుకోవద్దుండె అని నేను అన్నాను. నేను గూడ ఫోన్ల సంగతి దాచొద్దుండె అని అతనన్నాడు. అంతటితో అయిపోయిందని ఇద్దరం అనుకున్నాం గాని కాలేదు. జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు చాప తడిపేసుకుని కిందికి దిగి వచ్చాడు. వాన వల్ల దిగాడో, దిగడానికి వాన కోసం చూస్తున్నాడో నేను అడగలేదు. అడగకుండా ఉండడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది.

మాన్యను జంగమ్మెట్ సర్కారు బడిలో వేశాం. నేను ఇంటి ముందు గదిలో ట్యూషన్లు పెట్టాను. మొదట వచ్చింది వరండాలో నాతోపాటు గేటు దాటిన ఆ తల్లి బిడ్డే. ఆమె ఇంకో ఇద్దరిని పంపింది. ఆ గదిలో నాకోసం ఒక కుర్చీ వేసుకున్నాను. మొదట్లో కూర్చుంటే ఎవరో వెనక గోడ దగ్గర నిలబడినట్టు అనిపించి లేచేదాన్ని.

ఒక సాయంత్రం ప్రహ్లాద్ డిపో నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాలా రోజులకు ఒక ముచ్చట మొదలుపెట్టాడు. వాళ్ళ సూపర్‌వైజరు ఒక బస్సు కింద దూరి, బాగు చేసి, బయటికి రాలేక ఇరుక్కుపోయాడట. పైగా ఆ మనిషి కిందనుంచే అందరికీ ఆర్డర్లు వేస్తున్నాడట. నాకు నవ్వొస్తోంది. ప్రహ్లాద్ ఆ మనిషి గొంతు అనుకరిస్తూ అంతలో ఆగిపోయాడు. అతని కళ్ళు మాన్య వైపు పోయాయి. నావి కూడా పోయాయి. మేమిద్దరం కావాలని చూడలేదు.

మాన్య హోంవర్కు రాస్తోంది. తల ఎత్తి మమ్మల్ని చూసింది. పెన్సిలు మధ్యలో పెట్టి పుస్తకం మూసింది.

"మీరు మాట్లాడుకోండ్రి. నేను బయట కూసుంట," అంది.

బయటికి పోయి డాబా మెట్ల మీద కూర్చుంది. నేను పోయి చూసేసరికి రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది. పక్కన కూర్చుని చేతులు తీసి, లోపలికి రమ్మన్నాను. వద్దంది.

"నేను ఉంటే మళ్ళ ఎవరికన్న తెలుస్తది."

"తెలిస్తే తెలువనీ. మంచిగనే ఉన్నది ముచ్చట."

"ఎవ్వరికి చెప్పొద్దా?"

"నీకు చెప్పబుద్ధయితే చెప్పు. ఎవరికన్న చెప్పు."

అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఎనిమిదేళ్ళ పిల్ల నిజమెంతో తేల్చుకోవడానికి అట్లా చూడడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. చివరికి లేచి నాతో వచ్చింది. గడప దగ్గరే ఆగి, గోడకు ఆనుకుని కూర్చుంది.

మళ్ళ మొదటి నుంచి చెప్పు అన్నాను ప్రహ్లాద్‌తో. అతను బస్సు షెడ్డులోకి వచ్చిన దగ్గర్నుంచి మళ్ళీ చెప్పాడు. సూపర్‌వైజరు గొంతు ఈసారి ఇంకా బాగా చేశాడు. నవ్వాల్సిన చోటు వచ్చినప్పుడు మాన్య నవ్వలేదు. నా వైపు చూసింది. నేను నవ్వాను. తర్వాత నాన్న వైపు చూసింది. అతనూ నవ్వుతున్నాడు. అప్పుడు నవ్వింది.